మిస్సింగ్ కొడితే ముందు సిలిండరు పట్టుకోండి, పానా తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కులు, పికప్ డ్రైవర్ల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగు నుంచి రాసిపెట్టాం.

అందరికీ నమస్కారమండి. వెనకాల నిలబడ్డవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఇవాళ చెవులతో పని, దూరంగా ఉంటే తెలీదు. డ్రైవర్లు వచ్చారు, మేస్త్రీలు వచ్చారు, పని నేర్చుకుంటున్న కుర్రాళ్ళూ ఉన్నారు. ముగ్గురికీ పనికొచ్చేదే మాట్లాడుకుందాం.

విషయం పాత డీజిల్ పికప్పుల్లో మిస్సింగ్, అంటే సిలిండర్లో, డీజిల్ మండే గదిలో, మంట తప్పడం. పదేళ్ళు, పదిహేనేళ్ళు తిరిగిన బళ్ళు. బొలెరో పికప్పులు, టాటా 207లు, ఏస్‌లు. బండి షెడ్డులోకి వస్తుంది. డ్రైవరు దిగుతూనే ఏమంటాడు? "మేస్త్రీ, మిస్సింగ్ కొడుతోంది, నాజిళ్ళు చూడు" అంటాడు. సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఆ నాజిళ్ళే అని ఎవరు చెప్పారండీ? ఎవరూ చెప్పలేదు. పోయినసారి ఇంకెవరిదో బండికి నాజిళ్ళు పోయాయి, కాబట్టి ఈ బండికీ నాజిళ్ళే. నాలుగూ ఊడదీసి పంపు షాపుకి పంపిస్తాం. బిగించి స్టార్టు చేస్తే మిస్సింగ్ అలాగే ఉంటుంది. అప్పుడు నాజిళ్ళకి డీజిల్ పంపే పంపు దించుతాం. అయినా పోదు. ఆఖరికి టాపెట్ కవరు, అంటే వాల్వుల మీది మూత విప్పితే, పొగ బయటికి వదిలే ఒక ఎగ్జాస్ట్ వాల్వుకి గ్యాప్ లేక అది సరిగ్గా కూర్చోవట్లేదని తేలుతుంది. టాపెట్లు చూడ్డానికి పట్టేది ఒక్క గంట. మరి నాజిళ్ళకీ పంపుకీ అయిన డబ్బు ఎవరిది? బండి కిస్తీ కట్టుకోవాల్సిన మనిషిది. అందుకని ఇంత గట్టిగా చెప్తున్నాను, పానా పట్టుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. ఏ సిలిండరు? ఎప్పుడు? ఈ రెండూ తేలకుండా ఒక్క నట్టు కూడా విప్పొద్దు.

'ఎప్పుడు' అన్నది ముందు చూద్దాం, దానికి డబ్బు ఖర్చు లేదు. డ్రైవర్లు ఇది జాగ్రత్తగా వినాలి, జవాబు మీ దగ్గరే ఉంది కాబట్టి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రెండు మూడు నిమిషాలు కొట్టి, వేడెక్కాక పోతోందా? వేడిగా ఉన్నా చల్లగా ఉన్నా ఒకేలా కొడుతోందా? ఖాళీగా బాగుండి, లోడు మీద కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రమే లాగట్లేదా? డీజిల్ కొట్టించిన మర్నాటి నుంచి మొదలైందా? వానలో నిలబెట్టాక మొదలైందా? ఈ ఒక్కోదానికి దారి వేరు. "ఏమో అండీ, కొడుతోంది అంతే" అంటే మేస్త్రీ చీకట్లో వెతకాలి. కాబట్టి డ్రైవరన్నలూ, చూసి చెప్పండి. పొగ రంగు కూడా చూసి చెప్పండి.

పొగ సంగతి తొందరగా చెప్పేస్తాను. నల్ల పొగ అంటే డీజిల్‌కి తగ్గ గాలి అందట్లేదు, లేదా నాజిల్ సన్నగా చిమ్మకుండా ధారగా పోస్తోంది. తెల్ల పొగ, కళ్ళు మండిస్తూ పచ్చి డీజిల్ వాసన వస్తుంటే, డీజిల్ పడుతోంది కానీ అంటుకోవట్లేదు, అంటే ఆ సిలిండర్లో వేడి చాలట్లేదు. తెల్లగానే ఉండి డీజిల్ వాసన లేకుండా, రేడియేటర్లో నీళ్ళు తగ్గుతుంటే హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ వైపు చూడాలి. నీలం పొగ ఆయిల్ కాలుతున్నందుకు. సరే.

ఇప్పుడు అసలు సంగతి, ఏ సిలిండరు?

కొంచెం లెక్క చూడండి. 4 సిలిండర్ల ఇంజిను స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, నిమిషానికి 800 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరు రెండు చుట్లకి ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 400 సార్లు, సెకనుకి ఆరేడు సార్లు. ఒక సిలిండరు పూర్తిగా చచ్చిపోతే సెకనుకి ఆరేడు ఖాళీలు, తప్పకుండా ఒకే తాళంలో పడతాయి. సైలెన్సర్ దగ్గర అరచెయ్యి అడ్డం పెట్టి చూడండి, కొట్టు, కొట్టు, కొట్టు, ఖాళీ. కొట్టు, కొట్టు, కొట్టు, ఖాళీ. తాళం తప్పకుండా ఉంటే ఒక సిలిండరు జబ్బు. తాళం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు తడబడుతూ, స్పీడు తనంతట తనే ఎక్కుతూ దిగుతూ ఉంటే అది ఒక్క సిలిండరు జబ్బు కాదు, డీజిల్ లైనులో గాలి ఉంది, లేదా ఫిల్టరు చోక్ అయింది. ఈ తేడా చెవికి పట్టుబడితే సగం పని అయిపోయినట్టే. రెండు సిలిండర్ల ఏస్‌కైతే అడగనే అక్కర్లేదు, ఒకటి పోతే సగం ఇంజిను పోయినట్టు, క్యాబిన్ మొత్తం ఊగిపోతుంది. అయితే ఒక్క మాట, ఊపు అంతా మిస్సింగ్ కాదు. ఇంజిను మౌంటింగ్ రబ్బర్లు చిరిగిపోయినా ఇలాగే ఊగుతుంది. చెయ్యి పెట్టి చూస్తే సైలెన్సర్ దెబ్బ సమంగా ఉండి బండి మాత్రం ఊగుతోందా, అప్పుడు మౌంటింగులు చూడండి.

సిలిండరు పట్టుకునే పద్ధతులు రెండు మూడున్నాయి. అన్నిటికంటే తేలికైంది నీటి చుక్క. ఇంజిను పూర్తిగా చల్లగా ఉండాలి, పొద్దున మొదటి స్టార్టు అయితే మరీ మంచిది. స్టార్టు చేసి ఒక్క నిమిషం ఆగండి. తడిగుడ్డ పిండి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద ఒక్కో సిలిండరు గొట్టం హెడ్డుకి కలిసే చోట ఒక్కో చుక్క వెయ్యండి. మండుతున్న సిలిండరు దగ్గర చుక్క చుర్రుమని ఎగిరిపోతుంది. చచ్చిన సిలిండరు దగ్గర అలాగే కూర్చుని మెల్లగా జారుతుంది. అంతే! పైసా ఖర్చు లేదు. దూరం నుంచి వేడి చూపించే గన్ను కొనుక్కున్నవాళ్ళు దాంతో చూడొచ్చు. కానీ అయిదు నిమిషాలు నడిచాక చూస్తే ఇనుమంతా ఒకటే వేడెక్కి తేడా తగ్గిపోతుంది, గన్ను ఉన్నా లాభం లేదు. మొదటి నిమిషం, రెండో నిమిషం, అంతే.

రెండోది అందరికీ తెలిసిందే, నాజిల్ పైపు నట్టు వదులు చెయ్యడం. ఇది మామూలు పంపు బళ్ళకి మాత్రమే. మళ్ళీ చెప్తున్నాను, మామూలు పంపు బళ్ళకి మాత్రమే. సెన్సారు బండికి, అంటే ఎక్కువ ప్రెషరు డీజిల్‌ని ఒకే గొట్టంలో నిలవుంచి అన్ని సిలిండర్లకీ పంచే కామన్ రైలు బండికి, ఇంజిను నడుస్తుండగా ఆ పైపు మీద పానా పెట్టడానికి వీల్లేదు. ఆ పైపులో ప్రెషరు స్లోలోనే 250, 300 బార్ ఉంటుంది, యాక్సిలరేటర్ తొక్కితే 1,000 దాటి పోతుంది. వెంట్రుకంత ధార బయటికొచ్చినా చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట నొప్పి కూడా ఉండదు. లోపల డీజిల్ కండని పాడుచేస్తూ ఉంటుంది. అలా ఎప్పుడైనా జరిగితే పసుపు పెట్టి కట్టు కట్టుకుని ఇంటికెళ్ళడం కాదు, ఆ నిమిషానే ఆసుపత్రికి వెళ్ళి "డీజిల్ ప్రెషరుతో లోపలికి దిగింది" అని చెప్పాలి. ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. కుర్రాళ్ళూ, ఇది మీకే ముఖ్యంగా చెప్తున్నాను.

మామూలు పంపు బండికి కూడా జాగ్రత్త కావాలి. కళ్ళద్దాలు పెట్టుకోండి, నట్టు చుట్టూ గుడ్డ చుట్టండి, లీకు మీద వేలు పెట్టొద్దు. ఇంజిను స్లోలో ఉంచి, మామూలుగా 17 నంబరు పానా పడుతుంది, నాజిల్ దగ్గర పైపు నట్టు అర చుట్టు వదలండి. ఇంజిను శబ్దం మారి కిందికి పడిపోయిందా? అయితే ఆ సిలిండరు పనిచేస్తోంది, బిగించేయండి. తర్వాతది. వదిలినా శబ్దంలో ఏ మార్పూ లేదా? అదే చచ్చిన సిలిండరు. వదిలిన నట్టు దగ్గర డీజిల్ ఎంత కారుతోందో కూడా పక్కవాటితో పోల్చి చూడండి. అక్కడ డీజిల్ రాకపోతే తప్పు నాజిల్‌ది కాదు, పంపు నుంచే రావట్లేదు. ఈ ఒక్క చూపు చాలామంది వదిలేస్తారు.

సిలిండరు దొరికింది. మూడోది అనుకుందాం. ఇప్పుడైనా నాజిల్ మార్చేద్దామా? ఆగండి, కొత్తది కొనొద్దు. మూడో నాజిల్ తీసి రెండులో పెట్టండి, రెండోది తీసి మూడులో పెట్టండి. స్టార్టు చేసి మళ్ళీ నట్టు వదిలి చూడండి. జబ్బు రెండుకి వెళ్ళిందా, నాజిలే దోషి. జబ్బు మూడులోనే ఉందా, నాజిల్‌కి సంబంధం లేదు. తప్పు కంప్రెషన్‌ది, అంటే సిలిండర్లో గాలి నలిగే ఒత్తిడిది అయినా కావాలి, పంపు నుంచి అందే డీజిల్‌ది అయినా కావాలి. అరగంట పని, ఖర్చు రాగి వాషర్లు రెండు. ఆ వాషర్లు మాత్రం కొత్తవే వెయ్యాలి. పాతది మళ్ళీ వేస్తే పక్క నుంచి గాలి తంతుంది, చిక్ చిక్ చిక్ మని శబ్దం వస్తుంది, నాజిల్ చుట్టూ నల్లటి మసి కడుతుంది. ఇంకో సంగతి, పాత వాషరు కొన్నిసార్లు నాజిల్‌తో రాకుండా హెడ్డులోనే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా దాని మీద ఇంకోటి వేస్తే నాజిల్ ఒక వాషరు మందం పైకి లేస్తుంది. చిమ్మాల్సిన చోట చిమ్మదు. నాజిల్ బాగున్నా నల్ల పొగ, మిస్సింగ్. కాబట్టి టార్చి వేసి గుంట లోపల చూడండి.

నాజిల్ దోషి అని తేలాక పంపు షాపుకి పంపించండి. టెస్టరు మీద పెట్టినప్పుడు మూడు చూడమని అడగండి. ఒకటి, ఎంత ప్రెషరుకి తెరుచుకుంటోంది. డీజిల్‌ని ముందు చిన్న గదిలో చిమ్మే పాత ఛాంబరు ఇంజిన్ల నాజిళ్ళు 100 నుంచి 150 బార్ మధ్య, నేరుగా సిలిండర్లోకి చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్‌వి 180 నుంచి 250 మధ్య తెరుచుకునేలా ఉంటాయి. మీ ఇంజినుకి సరైన అంకె మాన్యువల్లో ఉంటుంది, అదే లెక్క. రెండు, చిమ్మేటప్పుడు పొగమంచులా చిమ్ముతోందా, ధార కడుతోందా. మూడు, తెరుచుకునే ప్రెషరుకి ఓ 20 బార్ తక్కువలో పది సెకన్లు పట్టి ఉంచితే కొసన చుక్క కడుతోందా. చుక్క కడితే అది ఇంజినులో కూడా చుక్కలే వేస్తుంది. ఆ చుక్క పిస్టన్ తలని కాలుస్తుంది. కారే నాజిల్‌తో పర్లేదులే అని ఆర్నెల్లు తిరిగితే పిస్టన్‌కి చిల్లు పడుతుంది. నాజిల్ ఖర్చు ఎక్కడ, ఇంజిను బోరింగు పని ఖర్చు ఎక్కడ?

జబ్బు కదలకుండా మూడులోనే ఉందనుకోండి. అప్పుడు టాపెట్లు, అంటే వాల్వుల గ్యాపు. ముందు టాపెట్లు, తర్వాతే కంప్రెషన్ గేజీ. ఇంజిను చల్లగా ఉండగా ఫీలర్ గేజీతో, మాన్యువల్లో ఉన్న గ్యాపుతో. తక్కువ గ్యాపు శబ్దం చెయ్యదండీ, అదే దాంతో ప్రమాదం. ఎక్కువ గ్యాపు టకటకమని అరిచి మనని పిలుస్తుంది. తక్కువ గ్యాపు నిశ్శబ్దంగా వాల్వుని కాల్చేస్తుంది. "టాపెట్ శబ్దమే లేదు, ఇంజిను సిల్కులా ఉంది" అని మురిసిపోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కంప్రెషన్ చూడ్డానికి డీజిల్ గేజీయే వాడాలి. పెట్రోలు గేజీ 20 బార్ దగ్గరే ఆగిపోతుంది, డీజిల్ ఇంజినుకి పెడితే గేజీ పాడవుతుంది. బ్యాటరీ ఫుల్ ఛార్జిలో ఉండాలి, సెల్ఫ్ నీరసంగా తిప్పితే నాలుగూ తక్కువే చూపిస్తాయి. డీజిల్ కట్ సోలినాయిడ్ వైరు తీసేయండి. నాజిళ్ళు అన్నీ తీసి, ఒక్కోదానికి ఆరేడు సార్లు దెబ్బ పడేదాకా తిప్పండి. మంచి డీజిల్ ఇంజిను 25 నుంచి 30 బార్ చూపిస్తుంది. 20కి తక్కువైతే పొద్దున స్టార్టు కావడమే కష్టం. కానీ అంకె కంటే తేడా ముఖ్యం. నాలుగూ 23 దగ్గర ఉంటే అది అరిగిన ఇంజిను, అంతేగానీ మిస్సింగ్ కొట్టే ఇంజిను కాదు. మూడు సిలిండర్లు 26 ఉండి ఒకటి 17 ఉంటే, అక్కడ ఉంది జబ్బు. పక్కపక్క రెండు ఒకేలా పడిపోతే ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ తెగింది, ఇంకెక్కడా వెతకొద్దు.

తక్కువ ఉంది సరే, ఎటు పోతోంది? నాజిల్ గుంటలో అడాప్టరు పెట్టి కంప్రెసర్ గాలి ఎక్కించండి. ఆ సిలిండరు పిస్టన్ పైన ఉండాలి, వాల్వులు రెండూ మూసి ఉండాలి, బండి టాప్ గేరులో వేసి హ్యాండ్ బ్రేకు లాగి ఉండాలి. లేకపోతే ఆ గాలికే క్రాంకు తిరుగుతుంది, చెయ్యి అక్కడుంటే నలుగుతుంది. ఇప్పుడు వినండి. సైలెన్సర్లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టరు గొట్టంలో బుస్సుమంటే ఇన్‌లెట్ వాల్వు. ఆయిల్ పోసే మూత దగ్గర బాగా వస్తే పిస్టన్ రింగులు, బోరు, అంటే సిలిండరు గోడ. బ్యాక్ కంప్రెషన్ అని మనం అనేది ఇదే. రేడియేటర్లో బుడగలొస్తే గాస్కెట్టు లేదా హెడ్డు పగులు. హెడ్డు దించకుండానే లోపలి జబ్బు ఎక్కడో తెలిసిపోయింది.

ఇక్కడ మన ఊరికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని బళ్ళు నీళ్ళలో ఉండిపోయాయో మీ అందరికీ తెలుసు. నీళ్ళు తీశాక తొందరపడి సెల్ఫ్ కొట్టిన బండికి ఏమవుతుంది? సిలిండర్లో నీళ్ళున్నాయి. గాలి నలుగుతుంది, నీళ్ళు నలగవు. పిస్టన్ పైకొస్తుంది, నీళ్ళు అడ్డం, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. విరగలేదు కదా, వంగింది అంతే. తర్వాత నీళ్ళు పోయి స్టార్టవుతుంది కూడా. కానీ వంగిన రాడ్ పొట్టిదైపోతుంది, ఆ పిస్టన్ పూర్తిగా పైకి రాదు, కంప్రెషన్ తగ్గుతుంది. పొద్దున మిస్సింగ్, తెల్ల పొగ. నెలలు తిరిగినా పోదు. గేజీ పెడితే ఒక సిలిండరు తక్కువ. గాలి ఎక్కించి చూస్తే ఎటూ పోవట్లేదు! వాల్వులు బాగున్నాయి, రింగులు బాగున్నాయి, గాస్కెట్ బాగుంది. ఇలా కంప్రెషన్ తక్కువై, లీకు లేకపోతే, బండి ఎప్పుడైనా నీళ్ళలో ఉందా అని అడగండి. హెడ్డు తీసినప్పుడు డయల్ గేజీతో నాలుగు పిస్టన్లూ పైన ఎంత ఎత్తుకి వస్తున్నాయో కొలవండి. ఒకటి కిందే ఆగిపోతే అదే వంగిన రాడ్. రాడ్ మార్చాల్సిందే, కొట్టి సరిచేసేది కాదు. వరద బండి సెకండ్ హ్యాండులో కొనేవాళ్ళు ఈ కొలత గుర్తుపెట్టుకోండి. మునిగిన బండికి సెల్ఫ్ కొట్టేముందు నాజిళ్ళు ఊడదీసి తిప్పితే నీళ్ళు ఆ గుంటల్లోంచి బయటికి చిమ్ముతాయి, రాడ్ బతుకుతుంది.

కంప్రెషన్ బాగుంది, నాజిల్ బాగుంది, అయినా మూడో సిలిండరే. అప్పుడు మాత్రమే పంపు. వరుస పంపు అయితే ఒక్కో సిలిండరుకి ఒక్కో ప్లంజరు, ఒకటి అరిగితే ఆ ఒక్కటే నీరసపడుతుంది. గుండ్రటి రోటరీ పంపుకి అలా కాదు, ఒకే ప్లంజరు నాలుగింటికీ పంచుతుంది. అది అరిగితే నాలుగూ నీరసపడాలి. ఒక్కటే పోయిందంటే ఆ లైను డెలివరీ వాల్వు చూడండి, పంపు మొత్తం ఓవర్‌హాల్ చెయ్యనక్కర్లేదు. పంపు పని అయ్యాక పైపులు మారిపోకుండా చూసుకోండి, ఎక్కువ 4 సిలిండర్ల ఇంజిన్లకి సిలిండర్లు మండే వరుస 1-3-4-2.

తాళం లేని మిస్సింగ్ సంగతి. డీజిల్ లైనులో గాలి. ట్యాంకు నుంచి పంపుదాకా లైను లాగుడు మీద ఉంటుంది, కాబట్టి డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కనపడదు, మనం లీకు లేదనుకుంటాం. పంపు ముందు జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టి స్టార్టు చేయండి, బుడగలు కనిపిస్తే వెనక్కి వెళ్తూ రబ్బరు గొట్టాలు, క్లిప్పులు, బాంజో వాషర్లు, ఫిల్టరు సీలు చూసుకుంటూ రండి. ఫిల్టరు అడుగున నీటి మర వదిలి గాజు సీసాలో పట్టండి. పావుగంట ఆగితే నీళ్ళు కింద, డీజిల్ పైన తేరుకుంటాయి. వానాకాలంలో వారానికోసారి ఈ మర వదలడం డ్రైవరు పని.

లోడు మీద మాత్రమే లాగక, నల్లపొగ వస్తే దాన్ని కూడా మిస్సింగే అంటారు, కానీ అది మిస్సింగ్ కాదు. గుంటూరు మిర్చి యార్డుకి తిరిగే బళ్ళు చూడండి. ఫిబ్రవరి నుంచి మే దాకా సీజను. తొక్కు, తొడిమల దుమ్ము ఎయిర్ ఫిల్టరు మడతల్లో మెత్తగా పేరుకుంటుంది. ఆ బళ్ళకి కంపెనీ చెప్పిన కిలోమీటర్ల లెక్క పనికిరాదు, వారానికోసారి తీసి చూడాలి. గాలి కొడితే లోపలి నుంచి బయటికి కొట్టండి, బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకి దిగుతుంది. తర్వాత డీజిల్ ఫిల్టరు మార్చండి. ఈ రెండింటితోనే చాలా బళ్ళు లాగుతాయి.

పొద్దున మాత్రమే కొట్టి పోయేది, స్టార్టుకి ముందు సిలిండరుని వేడిచేసే హీటర్ ప్లగ్ ఉన్న ఇంజినైతే, మీటరుతో ఒక్కో ప్లగ్ చూడండి, ఒక ఓమ్‌కి అటూ ఇటూ రావాలి. ఏమీ చూపించకపోతే లోపల తెగింది, ఆ ఒక్కటి మార్చండి. సెన్సారు బళ్ళకి ఒక్కో సిలిండరు ఆపి చూసే సిలిండరు కట్ టెస్టు స్కానరుతోనే చెయ్యాలి. స్కానరు లేకపోతే నాలుగు ఇంజెక్టర్ల, అంటే ఈ బళ్ళ నాజిళ్ళ, మిగిలిన డీజిల్ వెనక్కి పోయే రిటర్న్ గొట్టాలకి నాలుగు ఒకే సైజు సీసాలు కట్టి రెండు నిమిషాలు స్లోలో ఉంచండి. మూడు సీసాల్లో ఒకే మట్టం ఉండి ఒకటి రెట్టింపు నిండితే ఆ ఇంజెక్టరు లోపల కారుతోంది. కొత్తది వేశాక దాని ఒంటి మీద కోడ్ ఉంటే స్కానరుతో ఎక్కించాలి, ఎక్కించకపోతే కొత్త ఇంజెక్టరుతో కూడా స్లో సమంగా ఉండదు. గ్యాస్ బళ్ళవాళ్ళు అడుగుతారు కాబట్టి ఒక్క ముక్క, పెట్రోలు మీద బాగుండి గ్యాస్ మీద కొడితే ముందు స్పార్క్ ప్లగ్గులు, కాయిలు. గ్యాస్‌ని అంటించడానికి నిప్పురవ్వ గట్టిగా ఉండాలి, నీరసపడ్డ ప్లగ్ పెట్రోలుకి సరిపోయినా గ్యాస్‌కి సరిపోదు.

సరే, ఇప్పుడు ఇక్కడ పెట్టిన బండి దగ్గరికి వద్దాం. పొద్దుటి నుంచి స్టార్టు చెయ్యలేదు, చల్లగా ఉంది. ఇందులో ఒక సిలిండరు పనిచెయ్యట్లేదు. ఏదో నేను చెప్పను. తమ్ముడూ, ఆ తడిగుడ్డ ఇలా అందుకో. కళ్ళద్దాలు పెట్టుకోండి. స్టార్టు చెయ్యండి, ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా సైలెన్సర్ వినండి.